ఎజెండాలో మూడో అంశం

మా ఆయన చావుకు ఒప్పేసుకున్నాడని నాకు తెలిసిన రోజున చిలకలు మా జొన్నచేను తింటున్నాయి.

సద్దిగిన్నె పట్టుకుని నేను చేలోకి వెళ్లేసరికి ఆయన మంచె మీద కూర్చుని ఉన్నాడు. ఒడిసెల ఒళ్లోనే ఉంది. విసరాల్సిన రాళ్లు పక్కనే కుప్పగా ఉన్నాయి. ముప్పై నలభై చిలకలు కంకుల మీద వాలి కటకటా కొరుకుతుంటే, ఈ మహానుభావుడు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని తిరునాళ్లలో బొమ్మలాట చూస్తున్నట్టు చూస్తున్నాడు.

"ఏందయ్యా, కండ్లు కనపడ్తలేవా? చేనంత నాశనం జేస్తున్నయ్!" అని అరిచాను.

"తిననీయవే. ఎన్ని తింటయ్?" అన్నాడు.

ముప్పై ఏళ్ల కాపురంలో పిచ్చయ్య నోట అలాంటి మాట నేను వినలేదు. కళ్లంలో పది గింజలు చెదిరితే వంగి ఏరుకునే మనిషి. ఏన్కూరు దాటి అడవి అంచుదాకా వచ్చి, మోడులు తవ్వి ఆ మెట్టచెలక చేసినవాడు. అడవి పందులొస్తాయని ఏటా పంట చేతికొచ్చేదాకా ఆ మంచె మీదే కాపురం పెట్టేవాడు. ఒడిసెల లాక్కుని నేనే ఒక రాయి విసిరాను. అది ఎటో నా వెనక్కే పోయింది. గట్టు మీద గడ్డి కోస్తున్న జంపక్క కిసుక్కున నవ్వింది. గూడెం నుంచి ఏళ్ల తరబడి మా చేలోకి పనికొచ్చే మనిషి. ఆవిడ మీద కూడా నాకు ఒళ్లు మండింది.

అంతకు వారం ముందే ఖమ్మంలో డాక్టరు చెప్పాడు, ఆయన కడుపులో గడ్డ ఉందని. మంచిది కాదన్నాడు. హైదరాబాద్ పెద్ద దవాఖానాకు తీసుకెళ్లి ఆపరేషన్ చేయించాలన్నాడు. "చేయిస్తే బతుకుతడా సారూ?" అని అడిగితే, "చేయించకపోతే బతకడమ్మా" అన్నాడు. నేనడిగిందానికి అది జవాబు కాదని నాకప్పుడు తట్టలేదు. బస్సులో తిరిగొస్తున్నంతసేపూ హైదరాబాద్ వెళ్లడానికి ఏమేం సర్దాలో లెక్కేసుకుంటున్నాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఇంటికొచ్చాక చల్లగా చెప్పాడు, "నేను యాడికి రాను సుశీలా" అని.

దీనంతటికీ కారణం ఒక చైనా పుస్తకం. నవ్వకండి, నిజమే.

మా ఊళ్లో పార్టీ ఆఫీసంటే పెంకుల గది ఒకటి. అందులో బీరువా నిండా పుస్తకాలు. ఎక్కడెక్కడి నుంచో పోస్టులో వచ్చేవి. సెక్రటరీ ఆదినారాయణ మా ఆయనకు ఒక పల్చటి పుస్తకం ఇచ్చి, ఆదివారం క్లాసులో అందరికీ చదివి వివరించమన్నాడు. పూర్వం చైనాలో కొందరు ముసలాళ్లు ఏ పనీ పెట్టుకోకుండా వాగుల పక్కన కూర్చుని, వచ్చేది వస్తుంది పోయేది పోతుంది అనుకుంటూ బతికారట. అలాంటి మాటల వల్లే జనం నిద్రపోయారని, భూస్వాములు బాగుపడ్డారని ఆ పుస్తకం నిండా వాళ్లను తిట్టిపోశారు. కానీ తిట్టాలంటే వాళ్లేమన్నారో ముందు చెప్పాలి కదా! మా ఆయన ఆ ముక్కలు మాత్రం చదువుకుని తిట్లు వదిలేశాడు. ఎర్ర పెన్సిల్‌తో గీతలు కూడా గీసుకున్నాడు. అన్నీ గీయకూడని చోట్లే.

"నీళ్లు ఎవరితో కొట్లాడవంట సుశీలా. పల్లం జూస్కొని పోతయంట. మనిషి గూడ గట్లనే రావాలె, గట్లనే పోవాలె అంటరు వాళ్లు" అనేవాడు, ముఖం వెలిగిపోతూ.

"నువ్వు వాగువా? మనిషివి. మందు తాగాలె, కోయించుకోవాలె, బతకాలె" అనేదాన్ని.

"ఆకు రాలితే చెట్టు తప్పు జేసినట్టా?"

"చెట్టుకు పెండ్లాం లేదయ్యా!"

ఆ మాటకు పడీపడీ నవ్వాడు. నవ్వితే నొప్పొచ్చి కడుపు పట్టుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఏది ముందొచ్చిందో చెప్పలేను.

నేను చెయ్యని ప్రయత్నం లేదు. రెండు రోజులు అన్నం మానేశాను. ఆయన తన గంజి తాను తాగి, "నువ్వు గూడ తినవే, నీరసమొస్తది" అన్నాడు. బోనకల్ నుంచి మా తమ్ముడు వెంకటనారాయణను పిలిపించాను. వాడు ఒక పూటంతా వాదించి, కోడికూర తిని, "బావ మాట గూడ ఆలోచించాల్సిందేనక్కా" అని సాయంత్రం బస్సెక్కాడు. తిరుమలాయపాలెంలో కాపురమున్న మా పిల్ల వచ్చి ఏడ్చింది. తండ్రి దాని తల నిమిరి, మనవడికి జొన్నకంకి కాల్చి పెట్టాడు. గోడకు చెప్పుకున్నట్టే అయింది నా పని.

ఆఖరికి పార్టీ ఆఫీసుకు వెళ్లాను.

ఆదినారాయణ బొగ్గుబాయిలో ఇరవై రెండేళ్లు పనిచేసి వచ్చిన మనిషి. మా ఆయన కంటే చిన్నవాడు. గొంతు మాత్రం పెద్దది. నేను చెప్పిందంతా విని బల్ల మీద గుద్దాడు.

"వదినా, బాయిల కప్పు కూలి మనిషి ఇరుక్కుంటే మేమేం జేస్తమో తెల్సా? తవ్వుతం. లోపల బతికున్నడా చచ్చిండా అని అడగం. గంట గానీ, నాలుగు రోజులు గానీ, తవ్వుడు తవ్వుడే. అన్న ఇట్ల చేతులు ముడుచుకుంటే మనం ఊకుంటమా? మీటింగ్ పెడుత."

పెట్టాడు. ఎజెండా రాసి గోడకు అంటించాడు. మొదటిది, గూడెం దారి. రెండోది, బావి పూడిక. మూడోది, కామ్రేడ్ పిచ్చయ్య ఆరోగ్యం. మా ఆయన గోడ దగ్గర నిలబడి అది చదువుకుని, "నన్ను బావి తర్వాత పెట్టిండ్రు" అన్నాడు. ఆ మనిషితో ఎట్లా వేగాలి చెప్పండి!

మహిళా సంఘంలో ఉన్నానని నన్ను గడప దగ్గర కూర్చోనిచ్చారు. ఏడుగురు మగవాళ్లు చాప మీద కూర్చున్నారు. దారి, బావి తొందరగా తేలిపోయాయి. మూడో అంశానికి ఆదినారాయణ లేచి నిలబడ్డాడు. ఈ నిరాశ పాత సమాజపు జబ్బు అన్నాడు. పోరాడే మనిషికి తగదన్నాడు. బాయిలో తవ్వే సంగతి మళ్లీ చెప్పాడు. నిజం చెప్పాలంటే బాగా మాట్లాడాడు, నాకే ఒళ్లు జలదరించింది.

మా ఆయన్ను మాట్లాడమన్నారు. ఆయన లేచి, తువ్వాలు చేతిలోకి తీసుకుని, "నేను పోరాటం మానలే. కూలి రేట్ల కోసం కొట్లాడమను, వస్త. గూడెపోళ్ల భూముల కోసం ఫారెస్టోళ్లతోని కొట్లాడమను, వస్త. ఇది నా కడుపు. దీంతోని కొట్లాడబుద్ధైతలేదు" అని కూర్చున్నాడు.

తర్వాత చేతులెత్తమన్నారు. కామ్రేడ్ పిచ్చయ్య వెంటనే ఆపరేషన్ చేయించుకోవాలని తీర్మానం. ఆరు చేతులు లేచాయి. అందరూ మా ఆయన వైపు చూశారు. ముప్పై ఏళ్లలో ఆయన పార్టీ మాట జవదాటింది లేదు. మెజారిటీ ఏదంటే అదే నా మాట అనే మనిషి. మెల్లగా ఆయన చెయ్యి కూడా లేచింది.

ఏకగ్రీవం.

నేను గెలిచాను. ఇంటికి వస్తుంటే నాకు నేల మీద కాళ్లు ఆనలేదు. ఆయన వెనక నడుస్తున్నాడు. చింతచెట్టు మలుపు దగ్గర ఆగి పిలిచాడు.

"సుశీలా, కంకి కోసినంక పోదమే. ఒక్క నెల. మంచె మీద కూసుంటే నాకు మంచిగుంటది. నొప్పి గూడ తెలుస్తలేదు."

"తీర్మానంల నెల అని లేదు" అన్నాను.

అంత కచ్చితంగా, అంత పొగరుగా అన్నాను. ఆయన ఇంకేమీ అడగలేదు. మూడోనాడు ఖమ్మంలో రైలెక్కాం.

దవాఖానా సంగతి ఎక్కువ చెప్పను. అక్కడి వాళ్లను అనడానికేమీ లేదు, చేయాల్సింది చేశారు. ఆపరేషన్ నాలుగు గంటలు పడుతుందన్నవాళ్లు గంటలోపే బయటికొచ్చారు. అంత జల్దీ అయిపోయిందని నేను సంబరపడ్డాను. చూడండి నా తెలివి! డాక్టరు నన్ను వరండాలోకి పిలిచి, తెరిచి చూశామని, అది అప్పటికే అన్నిచోట్లకూ పాకిందని, తీయడానికి వీల్లేక మళ్లీ కుట్టేశామని చెప్పాడు. ఆయనకు అరవై దగ్గర పడుతోంది కాబట్టి పుండు మానడానికి టైం పడుతుందన్నాడు. ఎన్నాళ్లుంటాడని అడిగాను. ఎండాకాలం దాటడం కష్టమన్నాడు.

పుండు మానలేదు. ఒకవైపు మానితే ఇంకోవైపు చీము పట్టింది. నలభై రెండు రోజులు ఆ వార్డులో ఉన్నాం. ఆయన మంచానికి ఎదురుగా సున్నం కొట్టిన గోడ తప్ప ఏమీ లేదు. ఒకరోజు, "ఇప్పటికి కోతలైపోయుంటయ్" అన్నాడు. అంతే.

ఆ నెల రోజులు నేనిచ్చి ఉంటే ఆయన మంచె మీద కూర్చునేవాడు. చిలకల్ని చూసుకునేవాడు. కాల్చిన కంకి నాలుగు గింజలైనా నోట్లో వేసుకునేవాడు. నెల లేదన్న నా మాట గుండెలో ముల్లులా దిగబడి ఉండిపోయింది.

ఏప్రిల్ చివర్లో తిరిగొచ్చాం. బస్సు దిగి, బండిలో గడ్డి పరిచి పడుకోబెట్టి తెచ్చాం. జొన్న జంపక్కా వాళ్లూ కోసి, ఇంటికి చేర్చి పెట్టారు. చేను ఖాళీగా ఉంది. మంచె విప్పేసి వాసాలు గోడకు ఆనించారు. ఉన్నా ఆయన ఎక్కలేడనుకోండి. కూర్చోవడానికే ఇద్దరం పట్టుకోవాలి.

జంపక్క వచ్చి మంచం పక్కన కింద కూర్చుంది. చాలాసేపు చూసి, "మా ఆయనకు నేను గూడ అన్ని జేసినక్కా. మేకను కోసిన, వేల్పుకు మొక్కిన, భద్రాచలం దవాఖానాకు మోసుకపోయిన. పోనీయకుండ గుంజిన కొద్దీ ఎక్కువ గోసపడ్డడు" అంది. ఆ మాటేదో ముందే చెప్పొచ్చు కదా అని కసిరాను. "చెప్తే ఇంటువా అక్కా?" అంది. నిజమే, వినేదాన్ని కాదు.

మా ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అదే నాకు నరకమైంది. గాయం కడుగుతున్నప్పుడు ఉండబట్టలేక, "ఒక్కసారి తిట్టయ్యా! నీ పుణ్యముంటది, నోరారా తిట్టు" అన్నాను.

"ఎందుకే? నేను బతకాలనే జేసినవ్ గద" అన్నాడు. నొప్పితో పళ్లు బిగించి ఉన్నాడు. ఆ నొప్పిలో కూడా నన్ను వెనకేసుకొచ్చాడు.

వారం తిరక్కుండానే ఆదినారాయణ వచ్చాడు. చేతిలో పేపరు ముక్క ఉంది. హైదరాబాద్‌లోనే ఇంకోచోట కరెంటు పెట్టి గడ్డలు కాలుస్తున్నారట. "ఇంక దారి మూసుకపోలే వదినా. ఆదివారం మీటింగ్‌ల పెడుత. అన్నా, నువ్వేమంటవ్?"

మా ఆయన కళ్లు తెరిచాడు. "మీరెట్లంటే గట్ల" అన్నాడు. గొంతు సగమే బయటికొచ్చింది. ఆదినారాయణ వెళ్లాక నన్ను సైగచేసి పిలిచాడు. ఏం కావాలో అని వంగాను.

"తెల్ల అంగీ ఉతికినవా? రైలుకు ఏసుకోవాలె గద" అన్నాడు.

వంటింట్లోకి పోయి, నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చాను. పక్కకి తిరగలేని మనిషి అంగీ గురించి ఆలోచిస్తున్నాడు. ఆ ఆశ నేను నేర్పిన పాపం.

ఆదివారం పొద్దున్నే మళ్లీ అదే చాప, ఆ ఏడుగురిలో మా ఆయన ఒక్కడే తక్కువ. నేను గడప దగ్గర కూర్చోలేదు. లోపలికే వెళ్లాను. మూడో అంశం రాగానే ఆదినారాయణ పేపరు ముక్క చదివి, తవ్వుతూనే ఉండాలి అని మొదలుపెట్టాడు.

"ఒక మాటడుగుత ఆదినారాయణా. బాయిల ఎన్నడన్న తవ్వుడు ఆపిండ్రా?" అన్నాను.

కోపంగానే అడిగాను. ఆయన మాటను ఆయనకే అప్పజెబుదామని. కానీ ఆదినారాయణ కళ్లద్దాలు తీసి చొక్కాతో తుడిచాడు. మళ్లీ పెట్టుకోలేదు.

"ఒక్కసారి" అన్నాడు. "లోపల నిప్పంటుకున్నది. గోడ కట్టి గాలి ఆపకపోతే బాయంత పోతది. లోపల మా మామ ఉన్నడు, మా ఆవిడ నాయన. ఇటుకలు నేను గూడ అందిచ్చిన వదినా. గప్పటిసంది ఎవల్నన్న వదిలిపెడ్దమంటే నాకు శాతగాదు."

గదిలో అందరూ తలలు దించుకున్నారు. అన్నేళ్ల స్నేహంలో మా ఆయనకు కూడా ఆ సంగతి తెలుసో లేదో. నాకు ఆదినారాయణ మీద ఉన్న కోపమంతా ఒక్కసారిగా పోయింది. పోయాక నా దగ్గర ఏమీ మిగల్లేదు, చెప్పడానికి వచ్చిన ఆ ఒక్క మాట తప్ప.

"ఆయన్ను యాడికి తీస్కపోవద్దు" అన్నాను. "ఇంట్లనే పోనీయుండ్రి. తీస్కపొమ్మన్నది నేనే. ఇప్పుడు వద్దంటున్నది నేనే. నన్నేమన్న అనుండ్రి."

నేను పార్టీ మెంబర్ని కాను, నాకు ఓటు లేదు. అయినా ముందు నా చెయ్యే లేపాను. కట్టుకున్నవాడు చచ్చిపోవడానికి చెయ్యెత్తిన ఆడది ఈ జిల్లాలో ఇంకెవరైనా ఉందో లేదో నాకు తెలియదు. ఎత్తిన చెయ్యి దించలేదు. ఒక్కొక్కరే ఎత్తారు. ఆదినారాయణ ఎత్తలేదు. మినిట్స్ పుస్తకం తెరిచి కలం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. ఏమని రాయాలో ఎవరూ చెప్పలేదు. చివరికి "మూడో అంశం వాయిదా" అని రాసి పుస్తకం మూసేశాడు.

ఇంటికొచ్చేసరికి పది దాటింది. ఎండ గడప దాకా వచ్చింది. ఆయన మెలకువగానే ఉన్నాడు.

"ఏమన్నరు?" అన్నాడు.

"యాడికి పోవద్దన్నరు. ఇంట్లనే ఉండమన్నరు."

"ఎవరడిగిండ్రు గట్ల?"

"నేనే."

ఆయన ముఖంలో ఏదో సడలింది. ఇక హాయిగా ఉంటాడు, ఆ చైనా ముసలాళ్ల మాటలు ఏవైనా చెబుతాడు, అనుకున్నాను. ఏం చెప్పినా ఈసారి ఎదురుచెప్పకుండా విందామనుకున్నాను. ఆయన దుప్పటి కింద నుంచి చెయ్యి తీసి నా మణికట్టు పట్టుకున్నాడు. పట్టులో ఇంత బలం ఎక్కడిదో!

"సుశీలా, భయమైతుందే" అన్నాడు.

"నీకా? నీళ్లు, పల్లం, అన్ని నువ్వే చెప్తివి గద..."

"చెప్పిన. అబద్ధం గాదు. మంచె మీద ఉన్నప్పుడు భయం లేకుండె. ఇప్పుడైతుంది." నా మణికట్టు ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. "ఏం జెయ్యాలె?"

జీవితమంతా ఆయనకు నేను సలహాలు చెప్పినదాన్నే. విత్తనం ఎప్పుడు వెయ్యాలో, ఎవరితో ఎట్లా మాట్లాడాలో, ఎప్పుడు రైలెక్కాలో అన్నీ చెప్పాను. ఊళ్లో నా నోటికి భయపడని మనిషి లేడు. ఆ రోజు ధైర్యంగా ఉండమంటే అబద్ధం. ఏం కాదంటే అంతకంటే పెద్ద అబద్ధం.

"నాకు తెల్వదయ్యా. నాగ్గూడ అయితుంది" అన్నాను. "జర జరుగు."

జరగలేడని గుర్తొచ్చి, నేనే రెండు చేతులతో ఆయన్ను కాస్త గోడవైపుకి జరిపి, ఆ నులకమంచం పట్టె మీద పక్కన పడుకున్నాను. పట్టపగలు, తలుపులు బార్లా తీసి ఉన్నాయి. జంపక్క నీళ్లబిందెతో వచ్చి చూసి, బిందె అక్కడే దించి వెళ్లిపోయింది. ఆయన నా మణికట్టు వదల్లేదు.

ఇంకో పదకొండు రోజులున్నాడు. కొన్ని రోజులు భయపడ్డాడు, కొన్ని రోజులు భయపడలేదు. పొద్దున లేచి ముఖం చూస్తే గానీ ఏ రోజు ఏదో నాకు తెలిసేది కాదు.